ఒకటోది ముందు తిప్పొద్దు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు డిజైన్ ఆఫీసు నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లిఫ్టు మాత్రం రాలేదు.

ఆ తలుపుల దగ్గర నిలబడ్డ ఇంజినీరుకి ఓ పాడు అలవాటుంది. నడుస్తూ చదువుతాడు. చేతిలో సిమ్యులేషన్ ప్రింటవుట్లు, ముక్కు చివర కళ్లజోడు, దృష్టంతా గ్రాఫుల మీద. తలుపుల చప్పుడు విని తలెత్తకుండానే అడుగు వేశాడు. ఆ అలవాటు తెలిసినవాళ్లెవరో లిఫ్టుని పై అంతస్తులో ఆపి, ఇక్కడ తలుపులు తెరిచారు. మనిషిని చంపడానికి తుపాకులూ బాంబులూ ఎందుకండీ, వాడి అలవాటు తెలిస్తే చాలదూ!

పోలీసులు వచ్చేసరికి ప్రింటవుట్లు మాయమయ్యాయి. చొక్కా జేబులో చిన్న చీటీ ఒకటి మిగిలింది.

మూడు రోజుల తర్వాత, పొద్దున ఎనిమిదింటికి, ఆ చీటీ సీక్రెట్ సర్వీసు చీఫ్ బల్ల మీద ఉంది. బల్లకి ఇవతల చనిపోయిన ఇంజినీరు బావమరిది కూర్చుని ఉన్నాడు. సర్వీసులో అతన్ని అందరూ తిమ్మిరి అంటారు. ఏం జరిగినా ఏమీ అనిపించని మనిషి. కత్తి దిగినా, ప్రమోషన్ వచ్చినా ఒకటే మొహం. నాడి నిమిషానికి యాభై, ఎప్పుడు చూసినా యాభై. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కూడా యాభయ్యే. అందుకే బావ ఓసారి అతని చెయ్యి పట్టుకు చూసి, "నీది గుండె కాదురా బామ్మర్దీ, గ్రిడ్డు!" అని పకపకా నవ్వాడు.

ఆ బావ పోయిన రోజున కూడా నాడి యాభై దగ్గరే ఉంది. అక్క పక్కన మూడు గంటలు కూర్చున్నాడు. కన్ను తడవలేదు, నోరు పెగల్లేదు. "ఏడవకపోతే పోనీ, ఒక్క మాటైనా మాట్లాడరా" అంది అక్క. ఏం మాట్లాడాలో తెలియక లేచి వచ్చేశాడు. బాధ లేక కాదు. అది ఎక్కడుందో వెతికితే దొరకలేదు. అప్పట్నుంచీ అక్కకి ఫోన్ కూడా చెయ్యలేదు.

"పోయినాయన నీకు బావ. తెలుసు," అన్నాడు చీఫ్. అందరూ పెద్దాయన అంటారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదని ఆయనకి పేరు. "అయినా నిన్నే పిలిచాను. ఎందుకో తెలుసా?"

"నాకేమీ అనిపించదని."

"అదే. సరే, ఆయన డిజైన్ చేసిన ఈ ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పు. మీ ఇంట్లో అన్నం తింటూ దీని గురించే మాట్లాడుకుంటారట కదా."

"కరెంటు తేలిక దారి వెతుక్కుంటుంది సార్. రెండు లైన్లుంటే పొట్టి లైన్ మీద విరగబడుతుంది, పొడుగు లైన్ ఖాళీగా పడుంటుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ అలని రవ్వంత అటో ఇటో జరుపుతుంది. దాంతో కరెంటు మనం చెప్పిన దారి పడుతుంది."

"జరపడమెలా?"

"మెట్లుంటాయి. అటు పదహారు, ఇటు పదహారు. మోటారు ఒక్కో మెట్టూ మారుస్తుంది."

"సబ్‌స్టేషన్ యార్డులో రెండున్నాయట."

"కవలలు సార్. పక్కపక్కన పనిచేస్తాయి. రెండూ ఒకే మెట్టు మీద ఉండాలి. తేడా వస్తే కరెంటు బయటికి పోకుండా ఆ రెండిట్లోనే గిరగిరా తిరుగుతుంది. నాలుగు మెట్ల తేడా దాకా ఓర్చుకుంటాయి. ఐదైతే కాలిపోతాయి. బావ వేసిన లెక్క."

పెద్దాయన తలూపి చీటీ ముందుకు జరిపాడు. బావ అక్షరాలు, చీమలబారులా. మూడే మాటలు. 'ఒకటోది ముందు తిప్పొద్దు.'

"దానర్థం నేను చెప్తాను," అంది తలుపు దగ్గర్నుంచి ఓ గొంతు.

ఆవిడ లోపలికి రాగానే గదిలో సెంటు వాసన నిండింది. మెడలో మూడు వరసల ముత్యాలు, నడకలో ఎవరికీ లేని తీరిక. సర్వీసులో ఆవిడ పేరు ముత్యాలు. ఆరేళ్లుగా చీకటికొట్టు అనే విదేశీ ముఠాలో దూరి, వాళ్ల మనిషిలా నటిస్తూ మనకి కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. ట్రాన్స్‌ఫార్మర్ల కంట్రోల్ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి కన్సల్టెంటుగా ఆ యార్డులో తిరుగుతోంది.

"యార్డు వాళ్ల మాటల్లో ముందు అంటే అలని ముందుకు జరపడం, అడ్వాన్స్. వెనక అంటే వెనక్కి, రిటార్డ్. వాళ్లకి 'కు' అనే అక్షరంతో పనిలేదు. ముందు మూడు, వెనక ఐదు, అంతే," అంది ముత్యాలు. "ముఠా వాళ్లు ఒకటో నంబరు సాఫ్ట్‌వేర్‌లో విషం కలిపారు. ముందు వైపు తిప్పితే పేలుతుంది. పాపం, మీ బావగారు సిమ్యులేషన్‌లో అది పట్టేసుకున్నారు. అందుకని ఇవాళ పదకొండింటికి జరిగే ట్రయల్ వెనక వైపు చేయిద్దాం. వెనక ఎనిమిది. ఎవరైనా 'కాదు, ముందే తిప్పండి' అని పట్టుబట్టారా, వాడే వాళ్ల మనిషి. దొరికిపోతాడు."

"ట్రయల్ ఆపేస్తే?" అన్నాడు తిమ్మిరి.

"దొంగ జారిపోతాడు," అన్నాడు పెద్దాయన. "ఇంకో మాట. ఆ మిషన్లు కాలితే గ్రిడ్ పడిపోతుంది, మూడు రోజులు లేవదు. అది ఒక ఎత్తు. 'రెండు వైపులా సేఫ్' అని డిజైన్ రిపోర్టులో సంతకం నీ బావది. తప్పు బయటపడుతుందని తనే లిఫ్టు గోతిలో దూకాడంటారు. చచ్చినవాడు వచ్చి కాదని చెప్పలేడు కదా."

"యార్డులో డ్యూటీ ఎవరిది?"

పెద్దాయన చీటీ వెనక్కి తీసుకున్నాడు. "మీ అక్కది. ఆయన చేసిన మిషను ట్రయల్ నేనే చేస్తానని మంకుపట్టు పట్టిందట. చీటీ సంగతి మాత్రం ఆమెకి చెప్పకు. ఇంట్లో మనిషి. దుఃఖంలో నోరు జారితే అందరికీ తెలిసిపోతుంది."

తిమ్మిరి సరేనన్నాడు. నిజానికి అతనికి హాయిగా కూడా అనిపించింది, అక్కతో మాట్లాడక్కర్లేకుండా పైనుంచే ఆర్డరు వచ్చినందుకు.

గాడ్జెట్ల గదిలో అతనికి ఒక పెన్ను, రెండు అయస్కాంతం బొత్తాలు ఇచ్చారు. బొత్తాల్ని రెండు మోటారు పెట్టెలకీ అంటించాలి. మెట్టు మారినప్పుడల్లా, ఒక మోటారే తిరిగితే జేబులో పెన్ను ఒకసారి వణుకుతుంది, రెండూ తిరిగితే రెండుసార్లు. ఎవరైనా చాటుగా మోటారు కదిపితే తెలియాలని ఆ ఏర్పాటు. వేషం నూనె శాంపిళ్లు తీసే మనిషిది. బూడిదరంగు ఓవరాల్, గాజు సిరంజీల పెట్టె, నడుముకి యార్డు వాకీటాకీ, జిగురుతో అంటించిన ఓ బండ మీసం.

పది గంటలకి యార్డులో ఉన్నాడు. కంకర మీద రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక్కోటీ రెండంతస్తుల ఇల్లంత. రెండూ ఒకే శ్రుతిలో గుయ్‌మంటున్నాయి. తిమ్మిరి వాల్వు విప్పి సిరంజీలోకి నూనె లాగాడు, బుడగ లేకుండా చూసి మూత బిగించాడు. ఒకటో నంబరు మోటారు పెట్టె తలుపు తీశాడు. లోపల అంకెల కౌంటరు, తలుపు వెనక క్లిప్పుకి తగిలించిన ఇనప హ్యాండిల్. బొత్తాం అంటించి తలుపు మూశాడు. రెండో దానికీ అంతే.

వెనక సెంటు వాసన వచ్చింది.

"నూనెలో తేమ ఎంతుంది?" అంది ముత్యాలు. అది కోడ్.

"నా కంట్లో కన్నా ఎక్కువే." అది జవాబు. పెద్దాయన స్వయంగా రాసింది. ఆయన హాస్యం అలాగే ఏడుస్తుంది.

"అంతా సిద్ధం, తిమ్మిరిగారూ. వెనక ఎనిమిది. ఎవరూ కాదనలేదు," అని నవ్వి వెళ్లిపోయింది.

ఎవరూ కాదనలేదు. మరి దొంగేడీ? ఆ ప్రశ్న అతని బుర్రలోకి వచ్చింది గానీ వచ్చి ఓ మూల కూర్చుంది. మూడు రోజులుగా అన్నీ అలాగే కూర్చుంటున్నాయి.

పదీ యాభై రెండుకి శాంపిళ్ల రిజిస్టరులో సంతకం కోసం అన్నట్టు కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లాడు. గోడంతా తెరలు. మధ్య డెస్క్ దగ్గర అక్క. జుట్టు బిగించి ముడేసింది. కళ్ల కింద నల్లగా ఉంది. పక్కన గోనెబస్తా అంత బరువున్న లాగ్ బుక్కు. ఆవిడ భుజం వెనక ముత్యాలు, గోడవారగా ముసలి అటెండరు.

అక్క తలెత్తి చూసింది. ఒక్క చూపులో పోల్చేసుకుంది. తోడబుట్టిన దానికి మీసం అడ్డమా?

"నూనె శాంపిళ్లు బల్ల మీద పెట్టకండి, కారతాయి," అంది పరాయి మనిషితో అన్నట్టు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ మీసం కూడా కారేట్టుంది, చూసుకో" అంది.

అతను పెన్ను జేబు సర్దుకుని పక్కకి నిలబడ్డాడు. అక్క తెర మీద ఆర్డరు కొట్టడం మొదలుపెట్టింది. రెండు మిషన్లూ, వెనక, ఎనిమిది మెట్లు. ఇక పదకొండు కొట్టగానే మీట నొక్కడమే.

"అబ్బ, ఉక్కగా ఉంది," అంది మెడ తుడుచుకుంటూ. "బాబాయ్, ఏసీ రెండు దిగువ పెట్టండి."

"సార్ పోయినా సార్ భాష పోలేదమ్మా ఈ గదిలోంచి," అన్నాడు అటెండరు రిమోట్ వెతుకుతూ.

తిమ్మిరికి ఎక్కడో చురుక్కుమంది.

దిగువ. బావ ఇంట్లో కూడా అంతే. ఫ్యాను రెండు ఎగువ పెట్టరా. స్టవ్ మంట కాస్త దిగువ. టీవీ సౌండు మూడు దిగువ, చెవులు పోతున్నాయి. అందరూ వెక్కిరించేవాళ్లు. ఆ ఇంట్లో ఇన్నేళ్లు అన్నం తిన్నాడు. బావ నోట 'ముందు ఐదు', 'వెనక మూడు' అన్న మాట ఒక్కసారైనా విన్నాడా?

గడియారం పదీ యాభై తొమ్మిది చూపిస్తోంది. అక్క వేలు మీట మీదికి వెళ్తోంది.

"అక్కా!"

గదిలో అందరూ తిరిగి చూశారు. మూడు రోజుల్లో అతను ఆవిడతో అన్న మొదటి మాట అది. వేషం, కోడ్, ఆర్డర్లు అన్నీ గంగలో కలిశాయి.

"బావ మిషన్ తిప్పడానికి 'ముందు' అనేవాడా?"

"చచ్చినా అనరు," అంది అక్క. అన్నాక ఆ మాట ఇద్దరికీ గుచ్చుకుంది. ఆవిడే మళ్లీ మొదలెట్టింది. "పెళ్లికి ముందు సంగతి. టెస్ట్ ఫ్లోర్‌లో కాగితం మీద 'ముందు రెండు' అని రాశారు. అడ్వాన్స్ రెండు మెట్లని ఆయన ఉద్దేశం. టెక్నీషియనేమో ముందుగా రెండో నంబరు తిప్పమన్నారనుకున్నాడు. తిప్పాడు. పేలింది, వాడి చెయ్యి పోయింది. అప్పట్నుంచీ అడ్వాన్స్‌ని ఎగువ, రిటార్డ్‌ని దిగువ అంటారు. ముందు అంటే మొదట, అంతే. ఎందుకడుగుతున్నావు?"

"జేబులో చీటీ దొరికింది. 'ఒకటోది ముందు తిప్పొద్దు' అని."

అక్క మీట దగ్గర్నుంచి వేలు వెనక్కి లాక్కుంది. "ఏ వైపని కాదురా! ఒకటోది మొదట తిరక్కూడదు. ఈ సాఫ్ట్‌వేర్ మొదట తిప్పేది దాన్నే. ఒకటోది తిరిగి రెండోది తిరక్కపోతే... ఇది నాకెందుకు చెప్పలేదు?"

చెప్పొద్దన్నారని చెప్పలేదు. చెప్పొద్దన్నందుకు సంతోషించాడు కూడా. ఆ మాట అనేలోపు, సెంటు వాసన కొడుతున్న తెల్లని చెయ్యి అక్క భుజం మీదుగా వచ్చి మీట నొక్కేసింది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేడు సరే, కనీసం దొంగ చెప్పిన అర్థం నమ్మకుండా ఉండొచ్చుగా!

తెర మీద రెండు అంకెలూ చక్కగా కలిసి నడుస్తున్నాయి. ఒకటోది వెనక ఒకటి. రెండోది వెనక ఒకటి. జేబులో పెన్ను వణికింది. ఒక్కసారే.

"తెర అబద్ధం చెప్తోంది," అన్నాడు తిమ్మిరి. "తిరుగుతున్నది ఒకటే."

అక్క ఆపే మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. "మాట వినడం లేదు. తేడా వస్తే ఆపాల్సిన రిలేలు కూడా చచ్చి కూర్చున్నాయి. ఒకదాన్ని లైన్ నుంచి తప్పిద్దామంటే లోడంతా రెండోదాని మీద పడుతుంది. చేత్తో ఆపాలి, హ్యాండిల్!"

అతను తలుపు వైపు కదిలాడు. ముత్యాలు అడ్డంగా నిలబడింది. చేతిలో బంగారురంగు లిప్‌స్టిక్, దాని మొన అతని గుండెకేసి ఉంది. అది పెదాలకి పూసుకునేది కాదని అతనికి తెలుసు. గాడ్జెట్ల గదిలో అలాంటివే రెండున్నాయి.

"ఆ చీటీ చూడగానే నాకు అర్థమైంది," అంది ఆవిడ నింపాదిగా. "మీకు అర్థం కాకుండా చూడటమే నా ఉద్యోగం. లిఫ్టు దగ్గర మీ బావగారు తలెత్తి ఉంటే..."

ఆ వాక్యం పూర్తి కాలేదు. పదేళ్ల లెక్కలు మోస్తున్న లాగ్ బుక్కు గాల్లో లేచి ఆవిడ చెవి మీద దిగింది. మెడలో ముత్యాల వరసలు తెగి గదంతా దొర్లాయి. లిప్‌స్టిక్ ఢామ్మని పేలి ఏసీకి చిల్లు పెట్టింది. అక్క రెండు చేతులూ ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"పరిగెత్తరా!"

పెన్ను మళ్లీ ఒక్కసారి వణికింది. రెండో మెట్టు.

మెట్లు దిగి కంకర మీద పడ్డాడు. ఒకటో నంబరు గొంతు మారిపోయింది. శ్రుతి పోయి, గొంతులో కఫం అడ్డుపడ్డ ముసలాడిలా మూలుగుతోంది. మూడో వణుకు. పెట్టె తలుపు గుంజాడు. కౌంటరు తిరిగి నాలుగు దగ్గర ఆగింది. లోపల మోటారు ఐదో మెట్టు కోసం ఊపిరి తీసుకుంటోంది. క్లిప్పు నుంచి హ్యాండిల్ లాగి కన్నంలోకి దూర్చాడు.

టక్‌మని మోటారు చచ్చిపోయింది. చేత్తో తిప్పేవాడి చేతులు విరక్కూడదని, హ్యాండిల్ దూర్చగానే మోటారుకి కరెంటు ఆగిపోయేలా ఎవరో ఏనాడో పెట్టిన ఏర్పాటు. ఏ సాఫ్ట్‌వేర్ విషమూ దానికి ఎక్కదు.

ఆగింది గానీ తేడా అలాగే ఉంది. నాలుగు మెట్లు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె తొట్టె గోడ అప్పటికే చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. వాకీటాకీ నొక్కాడు.

"అక్కా, ఎటు తిప్పాలి?"

"ఎగువకి! మెట్టుకి ముప్పై మూడు చుట్లు. తలుపు లోపలివైపు చూడు, ఆయన రాసి ఉంటారు."

చూశాడు. అందాకా కనబడలేదు. ఎర్ర పెయింటుతో, బ్రష్షు అంచు వంకరపోయి, బావ అక్షరాలు. ఒక బాణం, దాని పక్కన 'ఎగువ'. ఇంకో బాణం, 'దిగువ'. కింద చిన్నగా, 'ఆలోచించి తిప్పు నాయనా.'

తిప్పడం మొదలుపెట్టాడు.

"ఒకటి," అంది అక్క కంట్రోల్ రూమ్ కిటికీలోంచి చూస్తూ, వాకీటాకీలో. "రెండు. మూడు."

ముప్పై మూడుకి ఒక మెట్టు పడింది. అరవై ఆరుకి ఇంకొకటి. అరచేతులు బొబ్బలెక్కాయి. డెబ్బై దగ్గర అక్క లెక్క ఆగిపోయింది. అప్పుడు అతను అందుకున్నాడు. "డెబ్బై ఒకటి. డెబ్బై రెండు." ఆవిడ మళ్లీ కలిసింది. ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు, చిన్నప్పుడు ఎక్కాలు చదివినట్టు. తొంభై దగ్గరెక్కడో అతనికి అంకెలు కనబడటం మానేశాయి. కళ్ల నిండా నీళ్లు. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కాలి తిమ్మిరి వదిలేటప్పుడు నరాలన్నీ ఒక్కసారి సూదులై పొడుస్తాయే, ఆ పోటు గుండెలో మొదలైంది. నొప్పి, భరించలేని నొప్పి. బావా, బావా అని గట్టిగా ఏడుస్తూనే తిప్పాడు.

"నూట ముప్పై రెండు," అంది అక్క.

కౌంటరు సున్నా చూపించింది. ఒకటో నంబరు గొంతు సర్దుకుంది. రెండు మిషన్లూ మళ్లీ ఒకే శ్రుతిలో గుయ్‌మన్నాయి. ఊళ్లో ఒక్క దీపమైనా మినుకుమనలేదు. అంత జరిగిందని ఎవరికీ తెలియదు.

పెద్దాయన మనుషులతో వచ్చేసరికి ముత్యాలు కుర్చీకి కట్టేసి ఉంది. అటెండరు నేల మీద ముత్యాలు ఏరుతున్నాడు, అవి సాక్ష్యమని. చీకటికొట్టు మనుషులు మధ్యాహ్నానికల్లా ఆరుగురూ దొరికారు. బావ పేరు మీద మచ్చ లేదు. లిఫ్టు కేసు హత్య కేసుగా మారింది. సర్వీసు డాక్టరు తిమ్మిరి చెయ్యి పట్టుకుని వాచీ చూశాడు. నమ్మలేక మళ్లీ చూశాడు. నూట ముప్పై ఎనిమిది.

"గ్రిడ్ ఎలా ఉంది?" అన్నాడు తిమ్మిరి ముక్కు చీదుతూ.

"యాభైలోనే ఉందిరా," అంది అక్క. "ఇవాళ నీ బదులు అదే నిలబడింది." అతని మీసం వేలాడుతోంటే పుటుక్కున పీకేసింది. తర్వాత తమ్ముడి తల తన భుజానికి అదుముకుంది. ఎవరు ఎవర్ని ఓదార్చారో చెప్పడం కష్టం.

కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని, అంచు చితికిన లాగ్ బుక్కు తెరిచింది. పెద్దాయన వెనకనుంచి వంగి చదివాడు. 'పదకొండు గంటల నాలుగు నిమిషాలు. ఒకటో నంబరు, ఎగువ నాలుగు మెట్లు, చేత్తో. తిప్పినది: మా తమ్ముడు.'

"అమ్మా, అతను సీక్రెట్ ఏజెంటు," అన్నాడు పెద్దాయన కంగారుగా. "ఆ పేజీ చింపెయ్యాలి."

"లాగ్ బుక్కులో పేజీ చింపకూడదండీ. ఆయన ఊరుకోరు," అంది అక్క. "అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టాలి. అదీ పద్ధతి. ఇదిగో పెన్ను."

పెద్దాయన పెన్నుకేసి చూశాడు. పేజీకేసి చూశాడు. తర్వాత లాగ్ బుక్కు మెల్లగా మూసి, ఎవరూ తెరవకుండా దానిమీద తనే కూర్చుని, కాఫీ తెమ్మన్నాడు.